మోదుగ పూల బకెట్

మా ఇంట్లో బట్టల క్లిప్పులు వేసుకునే నీలం బకెట్ ఒకటుంది. చెయ్యి ఎప్పుడో విరిగిపోయింది, అంచున ఒక పగులు కూడా. లోపల సగానికి కాస్త పైన, పసుపూ కాని నారింజా కాని రంగులో గుండ్రంగా ఒక గీత ఉంటుంది. పనమ్మాయి ఒకసారి బాగా తోమి తోమి, "తుప్పా అమ్మా ఇది?" అంది. ప్లాస్టిక్‌కి తుప్పేంటే అని ఇద్దరం నవ్వుకున్నాం. అది 2003 మార్చి నాటి మరక.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మైత్రీవనం వెనక సందుల్లో అలాంటివి బోలెడు. గదికి ఐదు మంచాలు, ఒకే ఒక్క ఫ్యాను, అదీ వార్డెన్ ఆంటీ దయ ఉంటేనే తిరిగేది. జావా నేర్చుకుంటే అమెరికా వెళ్ళిపోవచ్చని ఊళ్ళో అందరూ చెబితే వచ్చాను. తీరా వచ్చేసరికి ఐటీలో ఉద్యోగాల కరువు. రెజ్యూమెలు జిరాక్సులు తీయించుకోవడం, కంపెనీల గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి రావడం, అంతే.

ఆ హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ఒక్క మా అంతస్తులోనే ముగ్గురు స్వాతులు, ఇద్దరు మాధవిలు. అందుకని ఊరి పేర్లే. నేను రేపల్లె. నా పక్క మంచం అమ్మాయి ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీ. నాకేమో కాలవలు, వరి చేలు తప్ప ఏమీ తెలియవు. కొండ అనేది చూడాలంటే మేం మంగళగిరి దాకా రావాలి. తనేమో అడవి పక్కన పుట్టింది. మొదటి రెండు నెలలు మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. నేను కొండ అంటే తను గుట్ట అనేది. తను అనపకాయ అంటే నేను సొరకాయ అని దిద్దబోయేదాన్ని. దిద్దించుకునే రకం కాదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అనుకుంటా, మా క్లాసు క్యాన్సిల్ అయింది. తను తెల్లవారకముందే నన్ను లేపి, "లెవ్వే రేపల్లే, నడుసుకుంట పోదాం," అంది. ఎక్కడికి అంటే చెప్పలేదు. ఆంటీకి మాత్రం టెస్ట్ సిరీస్ ఉందని చెప్పాం. ఆ తర్వాత రెండు నెలలు మాకు ప్రతి ఆదివారం టెస్ట్ సిరీస్ ఉండింది. ఆంటీ అమాయకురాలు కాదు. కానీ ఆదివారం టిఫిన్‌కి రెండు ప్లేట్ల ఇడ్లీ మిగులుతుంటే ఆవిడెందుకు అడుగుతుంది?

పంజగుట్ట మీదుగా నాగార్జున సర్కిల్, అక్కడి నుంచి రోడ్ నెంబర్ టూ ఎక్కి కేబీఆర్ పార్కుకి చేరాం. గంటకు పైగానే నడక. కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టిన ఈ పార్కు పార్కు కాదు, నేషనల్ పార్కు. 1998లో ఆ హోదా ఇచ్చారు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ నడిమధ్య దాదాపు 390 ఎకరాల అడవి. లోపల నిజాం వారసుడు ముకర్రం జాకి చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. తెల్ల బూట్లు వేసుకుని మహా సీరియస్‌గా నడిచే పెద్దమనుషుల మధ్య మేమిద్దరం హవాయి చెప్పులతో, చున్నీలు నడుముకి చుట్టుకుని.

నాకు మొదట తగిలింది నిరాశే. చెట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఎటు చూసినా బూడిద రంగు పుల్లలు. సీతాఫలం పొదల మీద, కోసేవాళ్ళు లేక మిగిలిపోయిన కాయలు నల్లగా ముడుచుకుపోయి బొగ్గుల్లా వేలాడుతున్నాయి. "ఇంత దూరం నడిపించింది ఈ ఎండు కట్టెలు చూపించడానికా?" అన్నాను.

ఉట్నూరు ఆగి నావైపు చూసింది. ఒక కొమ్మ వంచి, గోరుతో బెరడు గీకి చూపించింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. "ఎండిపోలేదే. ఆకు రాల్చింది. ఇప్పుడు నీళ్ళు లేవు గద, ఆకు పెట్టుకొని ఏం జేస్తది?"

ఆ ముక్క నాకు నిజంగా కొత్త. మా డెల్టాలో చెట్టు బోడిగా నిలబడడం నేను చూడలేదు. అరటి, కొబ్బరి, తాడి ఏడాదంతా ఒకే రంగు. వరి కోశాక అదే చేలో మినుము పచ్చబడుతుంది. వసంతం అంటే మాకు మామిడి పూత, మినుము పీకుళ్ళు, తెలుగు వాచకంలో పద్యం. ఈ రాతి నేల మీద మాత్రం చెట్టు ముందు ఉన్నదంతా రాల్చేసుకుంటుంది. ఆ తర్వాత ఆకు కంటే ముందు పువ్వు వస్తుంది. డిగ్రీ దాకా చదివి, చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుందో ఇరవై రెండేళ్ళకి హవాయి చెప్పులతో తెలుసుకున్నాను.

అదే రోజు రెండుసార్లు నవ్వులపాలయ్యాను. లోపలెక్కడో పిల్లి ఏడుస్తోందన్నాను, అది నెమలి. ఎవరో ఇల్లు కడుతున్నారు, ఆదివారం కూడా సుత్తి దెబ్బలు ఆపట్లేదన్నాను. టక్, టక్, టక్ అని ఒకే కొలతలో వస్తోంది మరి. అది కంసాలి పిట్ట. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్ర బొట్టు, గుప్పెట్లో పట్టేంత పిట్ట. దానికి ఆ పేరు పెట్టినవాడెవడోగాని వాడి ఇంటి పక్కన తప్పకుండా కంసాలి కొట్టు ఉండి ఉంటుంది.

ఆ తర్వాత వరసగా తిరిగాం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్లకన్నా స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ నాకు గుర్తుండిపోయింది. అది చూసి వచ్చి ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. సంజీవయ్య పార్కులో గాలి హుస్సేన్‌సాగర్ వైపు నుంచి వీస్తే కూర్చోలేం. ఇందిరా పార్కులో ప్రతి పొద వెనకా ఒక జంట. ఇద్దరాడవాళ్ళం అక్కడ ఏం చేస్తున్నామో అర్థంకాక తోటమాలి మమ్మల్నే అనుమానంగా చూశాడు. ఆ మూడూ ఒక్కోసారితో సరి.

ఖాజాగూడ వేరు. అక్కడికి రెండుసార్లు వెళ్ళాం. మెహిదీపట్నం వెళ్ళి లింగంపల్లి బస్సెక్కి, రాయదుర్గం దాటాక దిగి లోపలికి నడవాలి. ఇప్పుడు అద్దాల బిల్డింగులు తప్ప ఏమీ కనపడని ఆ వైపు, అప్పట్లో బస్సు దిగితే దుమ్ము, మేకలు, రాళ్ళు. ఏం రాళ్ళవి! ఇల్లంత బండ మీద ఆటో అంత బండ, దాని మీద కుండంత బండ. తోస్తే పడిపోతుందేమో అనిపిస్తుంది. తోసి చూశాం కూడా.

ఈ రాళ్ళు ఎక్కడి నుంచో దొర్లి వచ్చినవి కావని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. భూమి లోపల ఉండగానే నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడ్డాయి. వాటిలోకి నీళ్ళు దిగి మూలలు అరిగిపోయి బండలు గుండ్రమయ్యాయి. తర్వాత చుట్టూ మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోతే ఎక్కడివక్కడే, ఒకదాని మీద ఒకటి, బయటపడ్డాయి. వాటిని పగలగొట్టి కంకర చేస్తుంటే చూడలేక కొందరు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని ఒక సంఘమే పెట్టుకున్నారు. మేం వెళ్ళిన రోజు కూడా దూరంగా ఎక్కడో బండలు పేల్చిన చప్పుడు వినపడింది. అప్పుడు మాకది పట్టలేదు. దీపావళి సామాను అనుకున్నామో ఏమో.

మొదటిసారి ఎక్కినప్పుడు రెండు బండల మధ్య సందులోంచి తను పాములా పైకి పాకింది. నేనూ ఎక్కాను. ఎక్కడం కష్టం కాదు. పైకి చేరి తల తిప్పితే, రాళ్ళ మధ్య నుంచి ఒక చెట్టు. ఆకు అన్నది ఒక్కటి లేదు. వంకర కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు. అంత పసుపు నేను పెళ్ళి పందిట్లో కూడా చూడలేదు. నేల మీద రాలిన పువ్వు తీసి చూస్తే ఐదు రేకులు, మధ్యలో నిండుగా కేసరాలు.

"కొండగోగు," అంది ఉట్నూరు.

"గోగా? అంటే గోంగూర చెట్టా ఇది?" అన్నాను. గోగు అంటే మా గుంటూరు వాళ్ళకి ఇంకేం తెలుస్తుంది! తను కూర్చున్న బండ మీదే పడి నవ్వింది. ఆ తర్వాత హాస్టల్లో గోంగూర పచ్చడి చేసిన ప్రతిసారీ "రేపల్లే, గుట్ట మీదికెళ్ళి తెంపుకొచ్చినవా?" అని అందరి ముందూ అడిగేది.

దిగడం దగ్గరొచ్చింది అసలు టెన్షన్. కుడికాలి చెప్పు ఉంగటం తెగిపోయింది. ఎండకి బండ అప్పుడే వేడెక్కుతోంది. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. ఎక్కేటప్పుడు కనపడని లోతు దిగేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో! కూలబడిపోయాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు. తను కింద నుంచి చెప్పే ఏ మాటా నా చెవికెక్కట్లేదు. అప్పుడు మేకలు కాసే ముసలాయన ఒకాయన, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, బీడీ నోట్లోంచి తియ్యకుండానే అన్నాడు: "కిందికి సూడకు బిడ్డా. రాయి దిక్కు మొఖం పెట్టు. కాలు దానంతటదే దొర్కుతది."

రాయి వైపు తిరిగాను. ముక్కు బండకి ఆనుకునేంత దగ్గర. అంత దగ్గరగా చూస్తే ఆ రాయి బూడిద రంగు కాదు. గులాబీ గింజలు, తెల్ల గింజలు, మిలమిలలాడే నల్ల చుక్కలు. దాని మీద ఆకుపచ్చ, ఆరెంజ్ కలిసిన ఏదో పాచి ఎండిపోయి అట్ట కట్టింది. ఒక ఎర్రచీమ నా వేలి పక్క నుంచి తీరిగ్గా పైకి ఎక్కిపోయింది. కాలు దొరికింది. ఇంకో కాలూ దొరికింది. ముసలాయన అప్పటికే మేకల వెనక వెళ్ళిపోయాడు, థాంక్స్ కూడా చెప్పలేదు. హాస్టల్ దాకా ఒక కాలికి చెప్పు, ఒక కాలికి చున్నీ ముక్క.

మార్చి మొదట్లో సిటీలోనే మార్పు కనపడింది. నిజానికి అది ఏటా వచ్చేదే, నాకు చూడడం అప్పుడే వచ్చింది. ఎస్సార్ నగర్ సందుల్లో కానుగలు వారంలో ఆకంతా దులిపేసుకుని, మళ్ళీ వారం తిరక్కుండానే నూనె రాసినట్టు మెరిసే కొత్త ఆకు తొడిగాయి. కోచింగ్ సెంటర్ మెట్ల మీద వేపపూత రాలి, చెప్పులకి అంటుకుని క్లాసుదాకా వచ్చేది.

మార్చి మూడో వారంలో హోళి వచ్చింది. మా రేపల్లెలో హోళి పెద్ద పండగేం కాదు. ఉట్నూరుకి మాత్రం కాళ్ళు నిలవలేదు. "కాముని పున్నం రేపో మాపో ఉన్నది, ఇక్కడ ప్యాకెట్ల రంగు కొంటరా? ఛీ," అని విసుక్కుంది. వాళ్ళ చిన్నాన్న కొడుకు సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాడు. రంగుకి మోదుగ పూల కోసం పండగ ముందు ఆదివారం ఆయన్ని పట్టుకుని గచ్చిబౌలి అవతల ఆ క్యాంపస్‌లోకి వెళ్ళాం. 2300 ఎకరాల క్యాంపస్ అని ఆ అన్న గొప్పగా చెబుతుంటే నేను మా నాన్న ఎకరంన్నర గుర్తు తెచ్చుకుని లెక్కలు వేశాను. పుట్టగొడుగులా నిలబడ్డ పెద్ద బండ ఒకటుంటుంది, మష్రూమ్ రాక్ అంటారు. అది చూపించాడు. చెరువు చూపించాడు. జింకలుంటాయన్నాడు, ఒక్కటీ కనపడలేదు.

మోదుగ మాత్రం ఆయన చూపించలేదు. ఉట్నూరే పట్టుకుంది. చాలా దూరం నుంచే "అగో!" అని పరుగు తీసింది. పొదల వెనక, ఒక పుట్ట పక్కన, పెద్దగా ఎత్తు లేని వంకర చెట్టు. ఆకు లేదు. కొమ్మ పొడుగునా పువ్వే. మొగ్గ దగ్గర తొడిమె నల్లగా, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది. అందులోంచి చిలక ముక్కులా వంగిన నారింజ రేకు. చెట్టు నిండా తేనెపిట్టలు, గోరింకలు, ఒకటే గోల. పిట్టలు తోసుకుంటుంటే పూలు టపటపా రాలుతున్నాయి. కింద పడినవి మాత్రమే ఏరాం. "చెట్టు మీదివి పిట్టలవి," అంది తను, ఎవరో నేర్పిన లెక్కలా. రెండు చున్నీల నిండా మూట కట్టాం. బస్సులో కండక్టర్ మూటలకి లగేజీ టికెట్ కొట్టనా అని ఆటపట్టించాడు.

ఇక బకెట్. పండగ ముందు రాత్రి, అందరూ పడుకున్నాక, బాత్రూంలో నీలం బకెట్ నిండా నీళ్ళు పోసి, పూలన్నీ వేసి, కాయిల్ హీటర్ పెట్టాం. హాస్టల్లో హీటర్ నిషేధం. ఒకతి తలుపు దగ్గర కాపలా. నీళ్ళు మరిగేకొద్దీ పచ్చగడ్డి ఉడికినట్టు ఒక వాసన లేచింది. రంగు మాత్రం లేత పసుపు దగ్గరే ఆగిపోయింది. "సున్నం కావాలె," అంది ఉట్నూరు. అర్ధరాత్రి సున్నం ఎక్కడ? వార్డెన్ ఆంటీకి తమలపాకుల అలవాటు. ఆవిడ సున్నం డబ్బా హాల్లో టీవీ మీద ఉంటుంది. నేనే వెళ్ళి తెచ్చాను, నా జీవితంలో మొదటి దొంగతనం. వేలి కొసన తీసిన సున్నం నీళ్ళలో కలపగానే, చూస్తుండగానే, పసుపు కాస్తా ముదిరి మోదుగ రేకు రంగుకి తిరిగింది. కెమిస్ట్రీ ల్యాబులో మూడేళ్ళు రంగులు మార్చిన దాన్నే, కానీ అలా నోరు తెరిచి ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఫ్యూజు పోయింది. మూడంతస్తులూ చీకటి.

టార్చి వేసుకుని ఆంటీ వచ్చింది. గోడకి నారింజ చుక్కలు, నా చేతిలో సున్నం డబ్బా, నలుగురం చేతులు మోచేతుల దాకా కాషాయం. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి, "ఈ బకెట్ ఇంక ఎవరు వాడతారు? కొత్తది కొనిచ్చి ఇది మీరే ఊరేగించుకోండి," అంది. పొద్దున్నే మేడ మీద ఆ రంగు ఆడాం. ఆంటీ పైకి రానంది. తర్వాత వచ్చింది. ఆవిడ తెల్ల చీర మీద మొదటి చెంబు పోసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాతి ఆదివారం మార్చి 23. ఆ తేదీ ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు, జొహానెస్‌బర్గ్‌లో వరల్డ్ కప్ ఫైనల్. మ్యాచ్ మధ్యాహ్నం కదా అని పొద్దున మౌలాలి గుట్టకి వెళ్ళాం. సికింద్రాబాద్ నుంచి బస్సు. ఒకటే బండ మొత్తం కొండ. వందల మెట్లు, పైన దర్గా. మెట్ల మీద ఎదురైన ప్రతివాడూ గంగూలీ టాస్ గెలుస్తాడా అనే మాట్లాడుతున్నాడు. పైన చల్లగాలి, ఊదు వాసన. కింద రైల్వే యార్డులో పెట్టెలు అగ్గిపెట్టెల్లా వరసగా. దర్గాలో మొక్కుకున్నవాళ్ళలో సగం మంది సచిన్ కోసమే మొక్కుకుని ఉంటారు. గుట్ట కింద ఒక పాత తోట ప్రహరీ పక్క నుంచే నడిచి వెళ్ళాం. అందులోనే మహలఖా బాయి చందా సమాధి ఉందని, 1824లో పోయిన ఆవిడ ఉర్దూ గజళ్ళు రాసిన కవయిత్రి అని అప్పుడు తెలియదు. తెలిస్తే ఆగేవాళ్ళమా? ఆ రోజు ఆగేవాళ్ళం కాదులే.

ఆస్ట్రేలియా 359 కొట్టింది. సాయంత్రానికి హాస్టల్లో ఏడుపులు, రాత్రికి అమీర్‌పేట అంతా నిశ్శబ్దం. ఉట్నూరుకి క్రికెట్ తెలియదు. మంచం మీద కూర్చుని కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ, "పొద్దుగాల గుట్ట మీదనే ఉంటే అయిపోవు గద," అంది.

ఉగాది దాటాక ఎండలు ముదిరాయి. పొద్దున ఏడింటికే బండ కాలుతుంటే ఇంకెక్కడి నడక. జూన్‌లో తను టీచర్ పోస్టుకి చదువుకోవడానికి ఊరెళ్ళిపోయింది. టీచరైంది కూడా. నేను ఇక్కడే, తొమ్మిది ఇళ్ళు మారి, బకెట్‌తో సహా ఉండిపోయాను.

ఏటా ఫాల్గుణంలో తన దగ్గర నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. మోదుగ చెట్టు. మాటలేమీ ఉండవు. నేను తిరిగి కానుగ చిగురో, కేబీఆర్ బయట దారిలో రాలిన ఏదో ఒక పువ్వో పంపుతాను. 2025లో మాత్రం ఫోను చేసింది. యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం టీవీల్లో హోరెత్తిపోయి, ఏప్రిల్ మొదటి వారంలో సుప్రీంకోర్టు ఆపమన్న రోజు. హలో కూడా అనలేదు.

"మన మోదుగ ఉన్నదానే?"

ఏ వైపో నాకు గుర్తులేదన్నాను. నిజంగా గుర్తులేదు. ఇరవై రెండేళ్ళయింది, ఇక్కడున్నది నేను, దారి మరిచిపోయింది కూడా నేనే. ఉట్నూరు నుంచి తనే చెప్పుకుంటూ పోయింది. గేటు లోపలికి పోయి, అన్న హాస్టల్ దాటి, చెరువు ఎడమ చేతికి వస్తది, బండల నడుమ కాలిబాట పట్టు, ఒక పుట్ట వస్తది, పుట్టకు పొద్దుపొడుపు దిక్కు. చేతికి దొరికిన కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఇంకా వెళ్ళలేదు.